మొలలే అనుకున్నాం

పోయిన నెల తిరుపతిలో నాయనకు కొలనోస్కోపీ చేయించాం, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. ఏడాదిగా విరేచనంలో అప్పుడప్పుడు రక్తం పడుతుంటే మొలలే అనుకుని, మజ్జిగ తాగుతూ, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఆయింట్‌మెంట్ రాసుకుంటూ నెట్టుకొచ్చాడు, మాకెవరికీ చెప్పలేదు. ముందురోజు రాత్రి పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన రెండు లీటర్ల నీళ్లు గ్లాసు గ్లాసుగా తాగి, బాత్‌రూమ్‌కు తిరుగుతూనే తెల్లార్చాడు. తర్వాత డాక్టర్ ఫోటో చూపించాడు. నున్నటి గులాబీరంగు పేగు గోడకు చిన్న కాడతో వేలాడుతున్న ఎర్రటి బుడిపె, 12 మిల్లీమీటర్లు. దీన్నే పాలిప్ అంటారు. తీగ ఉచ్చు వేసి అప్పుడే కోసి తీసేశారు. బయాప్సీలో అడినోమా అని వచ్చింది. క్యాన్సర్ కాదు, కానీ ఇలాంటివి కొన్ని వదిలేస్తే ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారతాయి.

ఎందుకొచ్చిందంటే ఒక్క కారణం చెప్పలేమన్నాడు. వయసు, నాయన బీడీలు, తిండి, అన్నీ కలుస్తాయట. తిండి దగ్గరే పైత్యరసం మాట వచ్చింది. కళ్లు తిరిగినా వాంతి అయినా పైత్యం చేసిందంటాం గానీ, అది పెద్దపేగులో ఏం చేస్తుందో నాకు అప్పటిదాకా తెలీదు. కొవ్వు అరగడానికి కాలేయం కొలెస్ట్రాల్ నుంచి పైత్య ఆమ్లాలు తయారుచేస్తుంది. పని అయ్యాక దాదాపు 95 శాతం చిన్నపేగు చివర నుంచి మళ్లీ కాలేయానికే చేరుతుంది. పెద్దపేగులోకి జారిన కొద్దిభాగాన్ని అక్కడి బ్యాక్టీరియా డీఆక్సీకోలిక్ ఆమ్లంగా, లిథోకోలిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. అవి ఎక్కువై ఏళ్లతరబడి పేగు గోడకు తగులుతుంటే కణాల డీఎన్ఏ దెబ్బతినొచ్చు. కొవ్వు ఎక్కువ తింటే ఈ ఆమ్లాలూ పెరుగుతాయి, పీచు తింటే కొంత దానికి అంటుకుని బయటికి పోతాయి.

నాయన పల్లెలో ఉన్నన్నాళ్లూ రాగి సంగటి, అలసంద పులుసు తిన్న మనిషి. టౌనుకొచ్చాక పొద్దున నెయ్యి దోశ, వారంలో మూడు రాత్రులు మటన్ బిర్యానీ. ఇప్పుడు అమ్మ మళ్లీ సంగటి కెలుకుతోంది, పక్కన ఆకుకూర. సంగటి తింటే పాలిప్ రాదని నేను చెప్పను, వచ్చినదాన్ని పట్టుకునేది పరీక్షే.

నాయనది సెంటీమీటర్ దాటింది కాబట్టి పిల్లలం 40 ఏళ్లకే చూపించుకోవాలన్నాడు డాక్టర్. నాకు సంక్రాంతి తర్వాత 40 నిండుతాయి, డేట్ తీసుకున్నా. అన్నకు 44, నాకేం నొప్పి లేదు కదరా అంటాడు. నాయనకూ ఏ నొప్పీ లేదు. ఆదివారం ఆ ఫోటో పట్టుకుని వాళ్లింటికి పోతున్నా.