బోరుకొచ్చిన ఆర్‌ఎక్స్ 100కు కొత్త స్లీవు: రాయగడలో చేసిన పని వివరాలు

జూన్ 7

మా నాన్నగారు నడిపిన యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారుసైకిలు మళ్లీ బోరుకొచ్చింది, అంటే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయింది. రెండేళ్ల క్రితం ఒక షాపులో చివరి ఓవర్‌సైజుకు, అంటే సిలిండర్ రంధ్రాన్ని తొలిచి పెంచగల ఆఖరి కొలత 51 మిల్లీమీటర్లకు, బోరు చేయించాను. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య ఎంత సందు వదిలారో అప్పుడు నేను కొలుచుకోలేదు. ఆ వేసవిలోనే కొరాపుట్ నుంచి రాయగడకు దిగి వస్తుండగా ఘాట్ రోడ్డులో ఇంజను పట్టేసింది. చల్లారాక కిక్కు కొడితే తిరిగింది కాబట్టి గీతలు పడిన ఆ బోరుతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు కిక్కరును చేత్తో నొక్కినా దిగిపోతోంది, ఉదయం స్టార్టు చేస్తే పిస్టన్ గోడకు కొట్టుకునే చప్పుడు వీధి చివరికి వినిపిస్తోంది.

సిలిండర్ బ్లాకు విప్పి, రంధ్రం లోపలి కొలత తీసే బోర్ గేజితో మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు దిక్కుల్లో కొలిచాను. ఎగ్జాస్ట్ పోర్టు, అంటే పొగ బయటికి పోయే రంధ్రం, పైభాగంలో ముందు వెనకలుగా 51.16, అడ్డంగా 51.10, అడుగున 51.07 వచ్చింది. టూ స్ట్రోక్ ఇంజనులో మండిన వాయువు బయటికి పోయే వైపే వేడి ఎక్కువ కాబట్టి అరుగుదల అక్కడ ఎక్కువగా ఉండడం సహజమే. నన్ను కలవరపెట్టినది కార్బురేటర్ వైపు. ఎయిర్ ఫిల్టర్‌నూ కార్బురేటర్‌నూ కలిపే రబ్బరు గొట్టం అడుగున బీటలు వారి ఉంది, లోపలి గోడకు ఎర్రటి సన్నని ధూళి అంటుకుని ఉంది. మా ప్రాంతపు ఎర్రమట్టి రోడ్ల మీద ఆ బీటలోంచి ఇంజను పీల్చిన ప్రతి గుక్కా ఎమరీ పొడిలా పనిచేసింది. ఆ గొట్టం మార్చకుండా బోరు ఎన్నిసార్లు చేయించినా వృథాయే కనుక ముందుగా కొత్త గొట్టమే కొన్నాను.

జూన్ 12

ఈ మోడల్ తయారీ 1996లోనే ఆగిపోయింది. బజారులో దొరికే కొత్త బ్లాకుల్లో పోర్టుల ఎత్తులు ఒక్కోదానిలో ఒక్కోలా ఉండడం నేను చూశాను. అసలు బ్లాకు అల్యూమినియం పోత చెక్కుచెదరలేదు కనుక దాన్ని ఉంచుకుని, లోపల పిస్టన్ తిరిగే పోత ఇనుప గొట్టాన్ని, అంటే స్లీవును మాత్రం మార్చి, బోరును తిరిగి మొదటి కొలత 50 మిల్లీమీటర్లకు తేవాలని నిశ్చయించుకున్నాను.

స్లీవు తీసేముందు చేసిన ఒక పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పాత క్యాలెండర్ కాగితాన్ని 160 మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించి, అంటే 51 మిల్లీమీటర్ల బోరు చుట్టుకొలతకు సరిపడేలా, గొట్టంలా చుట్టి సిలిండర్ లోపల గోడకు ఆనించాను. పై అంచు బ్లాకు పైముఖంతో సమంగా ఉండేలా సరిచేసి, మెత్తని పెన్సిలు మొనను పడుకోబెట్టి పోర్టుల అంచుల మీద రుద్దాను. కాగితం విప్పి బల్ల మీద పరిస్తే ఎగ్జాస్ట్ పోర్టు, పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్, దాన్ని పిస్టన్ పైకి చేర్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులు, అన్నీ వాటి ఎత్తులతో సహా పటంలా కనిపించాయి. ఎగ్జాస్ట్ పోర్టు పై అంచు అర మిల్లీమీటరు పైకి జరిగినా ఇంజను నడక మారిపోతుంది. అందువల్ల ఆ కాగితమే ఈ పనికి ఆధారం.

జూన్ 19

లేత్ షాపు మేస్త్రిగారు తెలుగువారే. ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు ఒడియాలో అడిగితే ఆయన తెలుగులో జవాబు చెబుతారు, పని మాత్రం ఆగదు. నేను బ్లాకు బల్ల మీద పెట్టగానే ఆయన అన్న మొదటి మాట, "ముందు పిస్టన్ నా చేతిలో పెట్టండి బాబూ, ఆ తర్వాతే బోరు కొలత." డబ్బా మీద రాసిన అంకెను నమ్మకుండా, పిన్నుకు అడ్డంగా, స్కర్టు (పిస్టన్ కింది భాగం) దగ్గర మైక్రోమీటరుతో కొలిచారు. 49.96 వచ్చింది. ఆయన లెక్క ఒకటిన్నర థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) సందు, అంటే దాదాపు 0.04 మిల్లీమీటర్లు. కాబట్టి బోరు సరిగ్గా 50.00 కావాలి.

పాత స్లీవును బోరింగ్ మిషను మీద పలచని పెంకులా మిగిలేదాకా తీసేశారు. తర్వాత బ్లాకును వేడిచేసి తడితే ఆ పెంకు ఊడి వచ్చింది. పోత లోపలి కొలత 56.00 తేలింది. కొత్త స్లీవును పైన కాలరు, అంటే వెడల్పాటి అంచు, ఉండేలా, బయటి కొలత 56.06 వచ్చేలా తిప్పారు. కాలరు లేని స్లీవు వేడికి సడలితే కిందికి జారే ప్రమాదం ఉంది.

0.06 ఎక్కువ ఉన్న స్లీవును సుత్తితో దించకూడదు, వేడితోనే దించాలి. పక్కనే మోటార్లు వైండింగ్ చేసే షాపులో వార్నిష్ ఆరబెట్టే ఓవెన్ ఉంది. అందులో బ్లాకును 150 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచాం. అల్యూమినియం డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్ల చొప్పున వ్యాకోచిస్తుంది కనుక, 30 నుంచి 150కి చేరేసరికి 56 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 0.15 పెరుగుతుంది. స్లీవును రాత్రంతా మా ఇంటి ఫ్రీజరులో పెట్టి గుడ్డలో చుట్టి తెచ్చాను. మేస్త్రిగారు గుర్తుగీతలు కలిపి వదలగానే అది తన బరువుకే కాలరు దాకా దిగి కూర్చుంది. చల్లారేదాకా పైనుంచి బరువు పెట్టి ఉంచారు. మొత్తం మూడు సెకన్లు పట్టిన పని, రెండో అవకాశం లేని పని.

జూన్ 26

కాగితపు పటం ప్రకారం పోర్టులు తెరిచి, పైముఖాన్ని లేశమాత్రం చదును చేసి, బోరింగు, హోనింగు (రాతితో గోడను రుద్ది సన్నని అడ్డగీతలు పెట్టడం) ముగించి బ్లాకు ఇచ్చారు. ఇంట్లో మళ్లీ ఆరు చోట్ల కొలిచాను. 50.00, ఒక్కచోట 50.01. తృప్తిగా ఉంది.

పోర్టు అంచుల చాంఫరు, అంటే పదును పోయేలా వాలు తీయడం, నేనే చేస్తానని ముందే చెప్పాను. అంచు పదునుగా ఉంటే పిస్టన్ రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది. సన్నని ఆకురాయితో అర మిల్లీమీటరు వాలు తీసి, 600 నంబరు ఎమరీతో నునుపు చేశాను. పరీక్షకు దూది వత్తిని పోర్టు మీదుగా మెల్లగా లాగాను. ఒక ట్రాన్స్‌ఫర్ పోర్టు కింది మూలలో ఒక్క పోగు చిక్కుకుంది. వేలికి తెలియనిది దూదికి తెలిసింది. ఆ మూలకు మరో పావుగంట పట్టింది.

హోనింగు గీతల్లో మిగిలే రాతిపొడి పెట్రోలుతో పోదు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్షుతో నాలుగుసార్లు కడిగి, తెల్లగుడ్డతో తుడిస్తే నలుపు అంటనంతవరకూ వదలలేదు. వానాకాలపు తేమకు పోత ఇనుము నిమిషాల్లో తుప్పు పడుతుంది. అందుకే ఆరీ ఆరగానే ఆయిలు పూశాను.

జూలై 3

బిగింపు మామూలుగా సాగింది. రింగు కొసల మధ్య గ్యాపు 0.20 మిల్లీమీటర్లు, పిస్టన్ బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు, పిన్నును పట్టి ఉంచే లాకులు కొత్తవి. ఆయిల్ పంపులో గాలి తీశాక కూడా, మొదటి ట్యాంకుకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు అదనంగా కలిపాను. మూడుసార్లు వేడెక్కించి, పూర్తిగా చల్లార్చి, హెడ్డు నట్లు ఎదురెదురుగా మళ్లీ బిగించాను. కిక్కరు ఇప్పుడు నా బరువు అడుగుతోంది.

జూలై 17

పార్వతీపురం రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్లు దాటకుండా, వేగం మారుస్తూ 310 కిలోమీటర్లు నడిపాను. ఘాట్లో దిగేటప్పుడు పాటించవలసినది ఒకటి ఉంది. ఈ బండిలో ఆయిల్ పంపు యాక్సిలరేటరు తీగతో ముడిపడి ఉంటుంది. యాక్సిలరేటరు పూర్తిగా మూసి గేరులో దిగితే ఇంజను వేగంగా తిరుగుతుంది కానీ ఆయిలు మాత్రం చుక్కలుగానే అందుతుంది. రెండేళ్ల క్రితం బిగువైన బోరుతో నేను చేసినది అదే. ఇప్పుడు ప్రతి మలుపు ముందూ ఒకసారి క్లచ్చు పట్టి యాక్సిలరేటరు కొద్దిగా తిప్పుతున్నాను.

ఈ సాయంత్రం సైలెన్సరు విప్పి, టార్చి వేసి ఎగ్జాస్ట్ పోర్టులోంచి చూశాను. పిస్టన్ మీద నిలువు గీత ఒక్కటీ లేదు. ఎదుటి గోడ మీద హోనింగు అడ్డగీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి, ప్లగ్గు కాఫీ రంగుకు తిరిగింది. కొత్త రబ్బరు గొట్టం లోపల వేలు పెట్టి తుడిచాను, వేలికి ధూళి అంటలేదు.