ట్రినిడాడ్‌లో కలిప్సో వెంట

కలిప్సో అంటే కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఏనాటి వార్తల మీద ఆనాడు చురకలేస్తూ పాడే పాట. దాన్ని రికార్డు చేసుకోడానికి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వెళ్ళేవాళ్ళు క్రిస్మస్ అయ్యాక బయల్దేరాలి. కార్నివాల్ పండుగకి ముందు వారాల్లోనే ‘టెంట్లు’, అంటే కలిప్సో కచేరీలు జరిగే చోట్లు, నడుస్తాయి. ఒకప్పుడు వెదురు గుంజలు పాతి కొబ్బరాకు కప్పిన పందిళ్ళు, ఇప్పుడు హాళ్ళు. కార్నివాల్ ముగిసిన మర్నాడు, విభూది బుధవారం వచ్చిందంటే సీజను అయిపోయినట్టే. పాట పట్టుకోవాలంటే అంతకుముందు, పాట గురించి తీరిగ్గా మాట్లాడించాలంటే ఆ తర్వాత. సీజన్లో గాయకులకు ఊపిరి సలపదు.

అక్కడి కరెంటు 115 వోల్టులు, 60 హెర్ట్జ్. ఛార్జర్లకు బాధ లేదు. తంటా అంతా పాత రికార్డులు వినడానికి తీసుకెళ్ళే టర్న్‌టేబుల్‌తోనే. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే సింక్రనస్ మోటారుదైతే, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజి సరిచేసినా మన 50 హెర్ట్జ్ యంత్రం అయిదో వంతు వేగం ఎక్కువ తిరుగుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాల పైకి పోతుంది. అందుకని మేము క్వార్ట్జ్ లాక్ ఉన్న డైరెక్ట్ డ్రైవ్ యంత్రమే వాడాం. దానికి మెయిన్స్ ఫ్రీక్వెన్సీతో పనిలేదు.

టెంటులో మిక్సర్ నుంచి ఒక వైరు లాక్కుంటే పని అయిపోతుందనిపిస్తుంది. కాదు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు హాల్లో వాటంతటవే మోగిపోతాయి కాబట్టి సౌండతను మిక్సర్‌లో వాటిని పెద్దగా పెంచడు. ఆ లైన్లో గొంతు స్పష్టంగా ఉంటుంది, బ్యాండు ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టు ఉంటుంది. మేము నాలుగు ట్రాకులు పెట్టాం: రెండు మిక్సర్‌వి, రెండు జనం మధ్య, తలల కంటే ఎత్తులో నిలిపిన మైకులవి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. స్టీరియోకి గంటకు ఒక జీబీ పడుతుంది, నాలుగు ట్రాకులకు రెండు. రికార్డరు లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటనివ్వకూడదు. పాట ఎంత గట్టిగా ఉన్నా ఫరవాలేదు గానీ, చురక తగిలిన చోట జనం వేసే కేక దానికి రెండింతలుంటుంది.

జనం మధ్య మైకులు ఎందుకో ఒక పాటతోనే తేలిపోయింది. గాయకుడు ఒక రాజకీయ నాయకుణ్ణి ఏకిపారేస్తున్నాడు. పేరెత్తలేదు. నడుం మీద చెయ్యి పెట్టి రెండడుగులు అతనిలా నడిచాడు, చరణం చివరి పాదానికి ముందు ఆగాడు. పేరు హాలంతా అరిచింది. ఆ తర్వాతే పాదం పూర్తిచేశాడు. మిక్సర్ ట్రాకులో అక్కడ ఉన్నది ఖాళీ, వెనక కొంచెం డ్రమ్ము. ఎవరిని తిడుతున్నాడో పాటలో లేదు, జనం నోట్లో ఉంది.

కాబట్టి పాట పక్కన రాసుకునే కాగితానికి కూడా రికార్డింగుకిచ్చినంత విలువ ఇవ్వాలి. రంగస్థల నామం, అసలు పేరు రెండూ కావాలి: లార్డ్ కిచెనర్ అంటే ఆల్డ్విన్ రాబర్ట్స్, మైటీ స్పారో అంటే స్లింగర్ ఫ్రాన్సిస్కో. పాట రాసినవారు వేరు, దానికి వాద్యాలు కూర్చిన అరేంజరు వేరు కావచ్చు. పాడిన సీజను ఒక ఏడాది, రికార్డు వచ్చింది మరో ఏడాది కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, పాట ఏ వార్త మీద పుట్టిందో పేపరు తేదీతో సహా ఆ రాత్రే రాయడం. పాత పాటలకైతే సెయింట్ విన్సెంట్ స్ట్రీట్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌కి పోయి పాత పత్రికలు తిరగెయ్యాలి.

ఎక్స్‌టెంపో అయితే ఈ ఏర్పాట్లకు కూడా లొంగదు. అంశం అప్పటికప్పుడు ఇస్తారు, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చరణానికి చరణం అల్లుకుపోతారు, ‘సాన్స్ ఉమానితే’ (జాలి లేకుండా) అంటూ ముగిస్తారు. అవధానం చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. అంశం ఇచ్చినవాళ్ళ మాట రికార్డు కాకపోతే మాత్రం ఆ చరణాలకు తలాతోకా ఉండదు.

పాత రికార్డుల కథ వేరు. 1914లోనే అమెరికా రికార్డుల కంపెనీ విక్టర్ పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కలిప్సో రికార్డు చేసింది. 1934లో అటిల్లా, రోరింగ్ లయన్ అనే కలిప్సో గాయకులు న్యూయార్క్ వెళ్ళి పాడారు. ఇవన్నీ లక్క రికార్డులు (ఆ లక్కలో చాలామటుకు మన దేశం నుంచి వెళ్ళిందే). స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్లో చుక్క తేలికపాటి డిటర్జెంటు చాలు. సూది 75 మైక్రాన్లకు అటూ ఇటూ ఉన్నవి నాలుగైదు దగ్గర పెట్టుకోవాలి. ఎల్పీ రికార్డుల సన్న సూది గాడి అడుగున దొర్లుతుంది, రొద తప్ప ఏమీ రాదు.

పాత రికార్డింగుల టేపులైతే వెలుతురుకు ఎత్తి చూడాలి. చుట్ట గుండా వెలుతురు కనిపిస్తే అసిటేట్ టేపు, కనిపించకపోతే పాలియెస్టర్. 1970, 80ల పాలియెస్టర్ టేపులు కొన్ని హెడ్డుకు జిగురులా అంటుకుంటాయి. వాటిని 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడి చేస్తే ఒక్కసారి కంప్యూటర్లోకి ఎక్కించుకునేంత దారికొస్తాయి. అసిటేట్‌ని వేడి చేశారో, వంకర్లు పోతుంది. అసిటేట్ టేపు పాడైపోతూ వెనిగర్ వాసన కొడితే మిగతా పనులు ఆపి దాన్నే ముందు ఎక్కించాలి.

ఇంగ్లీషు రాకముందు కలిప్సో ఫ్రెంచి పాత్వాలో, అంటే ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి జనం భాషలో, నడిచింది. ఆ మాటలు విప్పి చెప్పే పెద్దవాళ్ళ కోసం మరవాల్ నుంచి జీపెక్కి పరామిన్ కొండకు పోవాలి. దారి నిట్టనిలువు. పాట వినిపిస్తూ, వాళ్ళు చెప్పేది రెండో రికార్డరులో పట్టుకోవాలి. మధ్యలో అర్థం అడిగి ఆపామా, పాట తెగిపోతుంది. మొదటిసారి వదిలెయ్యాలి, రెండోసారి పాదం పాదం ఆపాలి.

హక్కుల సంగతి రికార్డింగుకి ముందే తేల్చుకోవాలి. కలిప్సో గాయకుడు లార్డ్ ఇన్వేడర్ పాట ‘రమ్ అండ్ కోకాకోలా’ని అమెరికన్ హాస్యనటుడు మోరీ ఆమ్స్‌టర్‌డామ్ అమెరికా పట్టుకుపోయి తన పేరు వేసుకున్నాడు, అక్కడి గాయనీత్రయం ఆండ్రూస్ సిస్టర్స్ గొంతులో 1945లో అది మారుమోగిపోయింది. పాట తమదేనని న్యూయార్క్ కోర్టుకెక్కిన ట్రినిడాడ్ వాళ్ళను గట్టెక్కించిన వాటిలో 1943లో ట్రినిడాడ్‌లో మొహమ్మద్ ఖాన్ అచ్చేసిన చిన్న పాటల పుస్తకం ఒకటి. అందుకే సంతకం కాగితంలో మేము మూడు విడివిడిగా అడుగుతాం: రికార్డు చెయ్యడానికి, భద్రపరచడానికి, బయట వినిపించడానికి. మూడోదానికి చాలామంది వద్దంటారు. అలాంటివి తాళం వేసిన ఫోల్డర్లోకి పోతాయి, కాపీ ఒకటి పాడినవాళ్ళ చేతికి.