కొరికింది పేను కాదు

మా అమ్మ దృష్టిలో ఇప్పటికీ అది పేను కొరికిన గుర్తే. పేనుకొరుకుడు అని పేరు పెట్టాక ఇంకెవరు మాత్రం ఏమనుకుంటారు! మొదట గడ్డంలో వెంట్రుకలు రాలి బొటనవేలి గోరంత నున్నటి మచ్చ. నెల తిరక్కుండా తల వెనక మరో రెండు. నాలుగు నెలలకు తలమీద 100కి 85 వంతులు ఖాళీ. కనుబొమలూ రెప్పవెంట్రుకలూ కూడా పోయాయి.

రెప్పవెంట్రుకల విలువ అవి పోయాకే తెలిసింది. దుమ్మంతా కంట్లోకే. చెమట నుదుటి మీంచి తిన్నగా కళ్లలోకి దిగి మండేది. ముక్కులో వెంట్రుకలు లేక ముక్కు ఒకటే కారడం. ఇవన్నీ చెబుదామని నోరు తెరిచేలోపే మొదటి డాక్టరు నవ్వుతూ, "మగవారు కదా, గుండు చేయించేసుకోండి. ఎవరడుగుతారు?" అన్నాడు. తల ముట్టుకుని చూసింది కూడా లేదు. ఎవరడుగుతారా? "ఏదో పెద్ద రోగం దాస్తున్నావు, నిజం చెప్పరా" అని మా అక్క ఫోన్లో ఏడ్చింది. ఆ పెద్దమనిషి మాట తలుచుకుంటే మూడేళ్ల తర్వాత ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

రెండో డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మామూలుగా వెంట్రుక కుదురు రోగనిరోధక కణాల కంటపడకుండా మరుగున ఉంటుందట. ఆ మరుగు తొలగితే ఆ కణాల్లో ఒక రకమైన టీ-కణాలు దాన్ని పరాయిదనుకుని చుట్టుముడతాయి. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి సంకేతాలను కణం లోపలికి చేరవేసేవి జాక్ ఎంజైములు. ఆ సంకేతం అందుతున్నంత కాలం దాడి ఆగదు. "కుదుళ్లు చచ్చిపోలేదండీ, దాడి ఆగితే మళ్లీ మొలవొచ్చు" అన్నారావిడ. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

తలలో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత స్టెరాయిడ్ మాత్రలు. మొహం ఉబ్బింది. మాత్ర ఆపగానే మొలిచిన కాస్తా రాలిపోయింది. అప్పుడు బారిసిటినిబ్ అన్నారు. అసలది కీళ్లవాతం మందు. జాక్ ఎంజైములకు అడ్డుపడుతుంది. పెద్దవాళ్లలో తీవ్రమైన పేనుకొరుకుడికి 2022 జూన్‌లో అమెరికా అనుమతి దొరికింది. క్షయ, హెపటైటిస్, రక్తకణాలు, కొలెస్ట్రాల్ పరీక్షలన్నీ అయ్యాక రోజుకో మాత్ర మొదలుపెట్టాను.

మూడో నెలలో వచ్చింది ఆ రాత్రి. పన్నెండు దాటాక ఎడమ రొమ్ము కింద ఎవరో కాల్చిన సూది గుచ్చి తిప్పుతున్నట్టు నొప్పి. మందు పెట్టెలోని కాగితంలో ఏముందో నాకు కంఠతా వచ్చు: తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డలు, గుండెపోటు, క్యాన్సర్. ఒక్కో మాటా కళ్ల ముందు కదిలింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని కారులో కూర్చుంది, మాట లేదు. వెంట్రుకల కోసం పిల్లల్ని దిక్కులేనివాళ్లను చేస్తున్నానా అనుకున్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ రాత్రి దేవుణ్ణి పిలిచాను. జుట్టు ఊసే ఎత్తలేదు.

ఈసీజీ, రక్తపరీక్షలు బాగానే ఉన్నాయన్నారు. గ్యాస్ అని పంపేశారు. మూడో రోజున నొప్పి ఉన్నచోటే వెన్ను నుంచి ఛాతీదాకా ఒక పట్టీలా నీటిపొక్కులు లేచాయి. సర్పి! చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ నరాల్లో ఇన్నేళ్లూ నిద్రపోయి, మందు వల్ల కాపలా సడలగానే లేచింది. నా కుదుళ్ల మీద పడ్డవీ, ఆ వైరస్‌ను నిద్రపుచ్చినవీ ఒకే జాతి కాపలాదారులు. ఒకళ్లను తిట్టి ఇంకొకళ్లను మెచ్చుకోవడానికి లేదు.

నాకు ప్రాణం లేచొచ్చేలా చెప్పిన ఆ రెండో డాక్టరుగారి మీదే కోపం వచ్చింది. సర్పికి ముందుగా వేయించుకునే టీకా ఉందని ఒక్క ముక్క అనలేదు. అడిగితే, "చెప్పాల్సింది, నాదే పొరపాటు" అన్నారు. డాక్టరు నోట ఆ మాట వినడం నాకదే మొదలు, కోపం సగం అక్కడే దిగింది. మిగతా సగం ఉంది. ఈ మందు మొదలుపెట్టేవాళ్లు టీకాల సంగతి ముందే అడగండి. కొన్ని టీకాల్లో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది, అవి మందు వాడుతుండగా వేయించుకోకూడదు.

వైరస్ మందులు వాడి, పొక్కులు మానాక మాత్ర మళ్లీ మొదలుపెట్టాం. ముందు తెల్లటి నూగు వచ్చింది, నల్లబడటానికి మరో మూణ్ణెల్లు. ఇప్పుడు తలమీద అరచేయంత మేర మాత్రమే ఖాళీ. మాత్ర ఆపితే మళ్లీ రాలొచ్చు, కాబట్టి ఇంకా మింగుతూనే ఉన్నాను, రక్తపరీక్షలకు వెళుతూనే ఉన్నాను.

మొన్న ఎండలో నడిచొచ్చాను. నుదుటి మీంచి దిగిన చెమట కనుబొమ దగ్గర ఆగి, పక్కకు తిరిగి చెంప మీదుగా జారిపోయింది. తుడుచుకోకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. "ఏంటి, మళ్లీ నొప్పా?" అని మా ఆవిడ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.