రాయలవారికి కుళ్ళాయి కుట్టినా – నా అనుభవం

ఉగాదికి మా వీధిలో భువనవిజయం వేస్తారు, ఈసారి రాయలవారి వేషం మా ఆయనకి వచ్చింది. అద్దె డ్రెస్సుల షాపులో అట్టకిరీటం ఇచ్చినారు, నాకు మనసొప్పలేదు. తిరుమల కొండమీద గుడి మహాద్వారం దాటగానే తిరుమలదేవి, చిన్నాదేవి మధ్యన చేతులు జోడించుకుని రాయలవారి విగ్రహం ఉంటుందే, ఆయన తలమీద కిరీటం లేదు, పొడుగాటి కుళ్ళాయి, అంటే శంకువు లాంటి టోపీ ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు ఆయన పేస్ కూడా రాజు పెట్టుకున్నది జరీబట్ట టోపీ అనే రాసినాడు. తిరుపతిలో ఉండి మనమే అట్టకిరీటం పెడితే ఎట్లా, నేనే కుడతానన్నా.

గుడిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కదా, జరగండి జరగండి అంటుంటే ఆ కాసేపట్లోనే కళ్ళనిండా చూసుకుని, బయటికొచ్చినాక టికెట్ వెనక గీసుకున్నా. ఆకారం ఆ విగ్రహానిది, పూల డిజైన్ మాత్రం నా సొంతం.

తల చుట్టుకొలత 22 అంగుళాలు, ఎత్తు 12. విప్పి పరిస్తే విసనకర్ర లాగా వస్తుంది, ఏటవాలు పన్నెండున్నర, కోణం 100 డిగ్రీల పైచిలుకు, లెక్క మా పాప వేసిచ్చింది.

తప్పు ఎక్కడ జరిగిందంటే, గుడ్డ ముందే ఆ షేపులో కత్తిరించి మగ్గానికి (జరీపని చేసేటప్పుడు గుడ్డ బిగించే చట్రం) బిగించినా. జరీతో దట్టంగా కుట్టేకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుపోయి అంచు 21కి వచ్చేసింది, తలకి ఎక్కలేదు. తొమ్మిది రోజుల పని, ఏడుపొచ్చేసింది. గాంధీ రోడ్డు దగ్గర మగ్గం వర్క్ చేసే భాయ్‌కి చూపిస్తే "ముందు వర్కు, తర్వాతే కత్తెరమ్మా" అన్నాడు.

రెండోసారి గుడ్డ కత్తిరించకుండా, దారంతో గీత మాత్రం వేసుకుని, చుట్టూ ఇంకో అంగుళం వదిలి కుట్టినా. పైకి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి కింద వరసలో 20 పూలుంటే సగం ఎత్తుకి 10 చాలు, లేదంటే పూలు ఒకదానిమీద ఒకటి ఎక్కేస్తాయి. వరసకి ఒక పువ్వు వదిలేసి, అతుకు వేసినాక ఆ పువ్వుని మామూలు సూదితో అతుకుమీదే కుట్టినా, ఇప్పుడు అతుకు ఎక్కడుందో నాకే కనపడదు! లోపల బకరం (కాలర్లలో వేసే గట్టి గుడ్డ) ఒక్కటే వేస్తే నిలబడలేదు, మా అవ్వ చెప్పినట్టు పాత పంచె గుడ్డ నాలుగు పొరలు చింతగింజల గంజితో అతికించి ఎండబెడితే గట్టిగా నిలబడింది.

ఉగాది రోజు మా ఆయన అది పెట్టుకుని స్టేజీ ఎక్కుతుంటే అచ్చం ఆ విగ్రహమే నడిచొచ్చినట్టు అనిపించింది. శ్రీనాథుడు కూడా కర్ణాట రాజసభకి కుళ్ళాయి పెట్టుకునే పోయినానని చాటువులో చెప్పుకున్నాడు, మరి రాయల సభలో కవులకెందుకు ఉండకూడదు? పెద్దన వేషం వేసే మాస్టారి తల కొలత తీసుకున్నా, 23 అంగుళాలు.