గేటు కింద ఇటుక ముక్క

రాత్రి పదకొండు దాటింది. ఈయన నిద్రపోయారు, అబ్బాయి నిద్రపోయినట్టు నటిస్తున్నాడు. నిజానికి ఈ రోజు సంతోషంగా రాసుకోవలసిన రోజు. మోకాలి ఆపరేషన్ తర్వాత అమ్మ మొదటిసారి మెట్లు దిగి కింద వేపచెట్టు దాకా నడిచింది. చెట్టు కింద కుర్చీలో కూర్చుని, ఎదురింటివాళ్ల ముగ్గులో చుక్కలు ఎక్కడ తప్పాయో కూడా చెప్పింది. అంటే కోలుకున్నట్టే.

సంతోషం అంతవరకే. ఇక గేటు సంగతి.

సంక్రాంతికి మా అపార్టుమెంటు సెల్లారులో ఒక మోటారు సైకిలు పోయి పెద్ద గొడవైంది. ఆ తర్వాత మా అసోసియేషన్ మీటింగు మీద మీటింగు పెట్టి, చివరికి మెట్ల మొదట్లో ఇనుప గ్రిల్లు గేటు పెట్టించింది. దానికి నాలుగంకెల తాళం. గేటు చూడటానికి బాగుంటుంది, కాదనను. నెమలిపించం రంగు కూడా వేయించారు. కానీ అది లోపలికి, అంటే మెట్ల వైపు తెరుచుకుంటుంది. కింది మెట్టు దాకా దిగినవాళ్లు మళ్లీ ఒక మెట్టు వెనక్కి ఎక్కితే గానీ తలుపుకు తిరగడానికి చోటుండదు. చేతిలో ఏమీ లేని మనిషికి ఇది పెద్ద పని కాదు. మోకాలికి కుట్లు మానుతున్న మనిషికి వెనక్కి మెట్టెక్కడం అంటే ఏమిటో ఈ పొద్దున చూశాను. అమ్మ ఒక చేత్తో కమ్మీ పట్టుకుంది, ఇంకో చేత్తో నా భుజం. నా రెండో చేతిలో వాకరు. గేటు లాగడానికి మూడో చెయ్యి కావాలి.

గ్యాస్ సిలిండర్ వేసే అబ్బాయిది ఇంకో అవస్థ. నిండు సిలిండర్‌ను పక్కకు వంచి, అడుగు అంచు మీద దొర్లించుకుంటూ వస్తాడు. గేటు దగ్గర దాన్ని నిలబెట్టి, అంకెలు నొక్కి, తలుపును లోపలికి తోస్తాడు. తలుపు కింది మెట్టుకు తగిలి సగంలో ఆగుతుంది. ఆ సందులోంచి ముందు తను దూరి, వెనక్కి తిరిగి సిలిండర్‌ను మెడ పట్టుకుని లాక్కుంటాడు. అప్పుడు స్ప్రింగు తలుపు వచ్చి అతని వీపుకు కొడుతుంది. ప్రతిసారీ కొడుతుంది. అతను ప్రతిసారీ ఒక మాట అంటాడు. ఇక్కడ రాయను.

అందుకే పొద్దున ఆరు గంటలకే గేటు కింద ఒక ఇటుక ముక్క వచ్చి కూర్చుంటుంది. పాలాయన, పేపరు అబ్బాయి, పనివాళ్లు, స్కూలు పిల్లలు అందరూ దాటాక కూడా అది అక్కడే ఉంటుంది. రాత్రి వాచ్‌మన్ పడుకునే ముందు తీస్తాడు, గుర్తుంటే. ఈ రోజు సెక్రటరీగారు ఆ ఇటుకను చూసి వాచ్‌మన్‌ను అమ్మ ముందే నానా మాటలు అన్నారు. ఇన్ని వేలు పోసి గేటు పెట్టిస్తే ఇటుక పెడతావా అని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇటుకను వాచ్‌మన్ పెట్టలేదండీ, మీ గేటే పెట్టించింది అన్నాను. ఆయన చాలా శాంతంగా, "కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా మేడం" అన్నారు.

అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. కొలతలు నిజంగానే సరిగ్గా ఉన్నాయి, అంగుళం తేడా లేదు. మూసి ఉన్న గేటును కొలిచారు. తెరిచినప్పుడు అది ఎక్కడికి పోతుంది, దాన్ని తెరిచేవాళ్లు ఎటునుంచి వస్తారు, చేతుల్లో ఏముంటుంది, ఇవేవీ కాగితం మీద లేవు. ఇందులో మా అసోసియేషన్ ఒక్కదాన్నే అనడం అన్యాయం. లండన్‌లో థేమ్స్ నది మీద మిలీనియం వంతెన 2000 జూన్ 10న తెరిచారు, నడిచేవాళ్ల కోసమే కట్టినది. జనం ఎక్కగానే అది పక్కలకు ఊగింది. ఊగేసరికి పడిపోకుండా జనం కాళ్లు ఎడం చేసి ఊపుకు తగ్గట్టు అడుగులు వేశారు, దాంతో ఊపు ఇంకా పెరిగింది. రెండు రోజుల్లో మూసేశారు. ఊపును అణిచే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్లీ తెరిచారు. వంతెన బరువు మోయలేక కాదు, నడిచే మనిషి పక్కకు ఎంత తోస్తాడో లెక్కలోకి రాక అలా అయింది. అంతటివాళ్లకే తప్పనప్పుడు మా వెల్డరెంత.

మా నాన్న ఉంటే ఈ గేటును ఒక్కసారి తెరిచి, మూసి, "దీనికి జాగా ఇవ్వలేదే" అనేవారు. నాన్న రైల్వేలో కీమ్యాన్. నందలూరులో క్వార్టర్సు. తెల్లవారకముందే సుత్తి, స్పానరు భుజాన వేసుకుని పట్టాల వెంట బయలుదేరేవారు, వదులైన చోటల్లా బిగించుకుంటూ. సెలవు రోజుల్లో షెడ్డు లైన్ల దాకా నన్నూ తీసుకెళ్లేవారు. అక్కడ పట్టా 13 మీటర్లు, పక్కన ఇంకో 13 మీటర్లు, మధ్యలో సందు. ఆ సందులో నా చిటికెన వేలు పెట్టబోతే చెయ్యి మీద ఒక్కటి ఇచ్చారు. ఎందుకు అతికించకుండా వదిలేశారు అని అడిగితే, "ఎండకు అది పెరుగుతుంది, దాని జాగా దానికి ఉండాల" అన్నారు.

ఎంత పెరుగుతుందో తర్వాత కాలేజీలో నేనే లెక్క కట్టాను. ఉక్కు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.012 మిల్లీమీటరు సాగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున చల్లబడ్డ పట్టాకూ మే నెల మధ్యాహ్నం కాలిపోతున్న పట్టాకూ 45 డిగ్రీల తేడా వేసుకుంటే, 13 మీటర్లకు 7 మిల్లీమీటర్లు. నాన్నకు ఈ లెక్క చెబితే నవ్వి, "అదే కదా నేను వేలితో చూసేది" అన్నారు.

నాకు బాగా గుర్తున్నది చలికాలపు పని. పట్టాలు కలిసే చోట రెండు పక్కలా బిగించే ఫిష్‌ప్లేట్లను విప్పేవాళ్లు. తుప్పు గీకి, గ్రాఫైట్ పొడిని కిరోసిన్‌లో కలిపి ఆ నల్లటి ముద్దను పట్టాకూ ప్లేటుకూ పూసేవాళ్లు. బోల్టులకు వేరే నూనె. ప్లేటును మళ్లీ ఎక్కించేటప్పుడు చూశాను, పట్టాలోని రంధ్రం బోల్టు కంటే పెద్దది. పదేళ్ల పిల్లను, కొలత తప్పిందని కేకేశాను. నాన్న బోల్టును దూర్చి అటూ ఇటూ ఆడించి చూపించారు. బిగించిన తర్వాత కూడా పట్టా జరగాలట. జరగనివ్వకపోతే వేసవిలో పక్కకు వంగిపోతుందట. నూనె సరిగా పూయలేదంటే ఎండాకాలం గస్తీ తిరిగేవాడికి నిద్ర ఉండదు అన్నారు. ఇంటికి వచ్చాక ఆ నలుపు ఆయన గోళ్లలోంచి పోయేది కాదు. అమ్మ కుంకుడు రసంతో తోమించేది, కిరోసిన్ వాసన మాత్రం సంక్రాంతి దాకా కంచంలో కూడా ఉండేది. అమ్మ ఈ సంగతి ఇప్పుడు ఒప్పుకోదు.

ఇక్కడిదాకా రాసి, కాబట్టి దేనికైనా కదలడానికి జాగా వదలాలి అని ముగించేద్దామనుకున్నాను. కానీ అది నిజం కాదు. మెయిన్ లైన్లలో ఆ సందులిప్పుడు లేవు. పట్టాలను కిలోమీటర్ల పొడవున వెల్డింగు చేసేస్తారు. రైలు టకటకమనడం మానేసింది అందుకే. రిటైరయ్యాక నాన్న మొదటిసారి అలాంటి లైను మీద మద్రాసు వెళుతూ దారంతా చెవి ఒగ్గి కూర్చున్నారు. సందు లేకపోతే ఎండకు అదెక్కడికి పోతుందని ఆయన ఆందోళన. అది ఎక్కడికీ పోదు. పట్టాల కింద అడ్డంగా పరిచే బరువైన కాంక్రీటు స్లీపర్లు, క్లిప్పులు, నిండా పోసిన కంకర కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. సాగాలన్న ఒత్తిడంతా పట్టా లోపలే ఉండిపోతుంది, చివర్లు మాత్రం కొంచెం జరుగుతాయి. అక్కడ ప్రత్యేకమైన కీళ్లు పెడతారు. పట్టాను బిగించే రోజున కూడా దాని వేడి చూసి, ఆ ప్రాంతపు సగటు కంటే కాస్త ఎక్కువలో బిగిస్తారు, వేసవి పోటు తగ్గేలా. అంటే జాగా వదలకుండా కూడా కట్టవచ్చు. కదలిక ఎంతో ముందే తెలిసి ఉండాలి.

ఆ లెక్కన కదలకుండా ఆపడమూ ఒక పనే. గండికోటకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, ద్వారం దగ్గర దారి తిన్నగా లోపలికి పోదు, మలుపు తిరుగుతుంది. పరుగున వచ్చే గుర్రమైనా ఏనుగైనా అక్కడ వేగం తగ్గించుకోవాల్సిందే, తగ్గినప్పుడు పైనుంచి కొట్టవచ్చు. కట్టినవాడు శత్రువు ఎలా వస్తాడో ఆలోచించి కట్టాడు. సెక్రటరీగారు కూడా దొంగ గురించే ఆలోచించారు. ఆ మాత్రం ఒప్పుకుంటాను. దొంగ గురించి మాత్రమే ఆలోచించారు.

సాయంత్రం బెంగళూరు నుంచి తమ్ముడు ఫోను చేశాడు, అమ్మ నడిచిందని తెలిసి. వాడి ఉద్యోగం కంప్యూటర్ భద్రత. గేటు పురాణమంతా చెబితే పగలబడి నవ్వాడు. "అక్కా, మా ఆఫీసులో నెలంతా చేసే పని ఇదే" అన్నాడు. వాడు చెప్పినది నాకు అర్థమైనంత రాస్తాను. పూర్వం కంపెనీలు బయట ఒక పెద్ద గోడ కట్టి లోపల అందరినీ నమ్మేవట. 2013 చివర్లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థలోకి దొంగలు చొరబడింది, శీతలీకరణ పనులు చేసే ఒక కాంట్రాక్టరు లాగిన్‌తో. ఏసీలవాళ్ల తలుపులోంచి వచ్చినవాళ్లు లోపల అటూ ఇటూ తిరిగి డబ్బు లెక్కకట్టే యంత్రాల దాకా చేరారు. సుమారు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. చొరబడటం కంటే లోపల అలా తిరగగలగడమే అసలు నష్టమట. 2010లో జాన్ కిండర్‌వాగ్ అనే ఆయన జీరో ట్రస్ట్ అన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చారు. లోపల ఉన్నావు కదా అని ఎవరినీ నమ్మకూడదు, ప్రతి గది దగ్గరా మళ్లీ అడగాలి.

"మరి ప్రతి గది దగ్గరా అడిగితే మనుషులు ఇటుక పెట్టరా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెడతారు" అన్నాడు. 2022 సెప్టెంబరులో ఉబర్‌లో అదే జరిగిందట. ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డు దొంగకు దొరికింది. రెండో తాళంగా ఆయన ఫోనుకు, నువ్వేనా అని అడుగుతూ సందేశం వెళుతుంది. దొంగ మళ్లీ మళ్లీ పంపించాడు, ఆయన చివరికి ఒకసారి ఒప్పేసుకున్నాడు. ఆ మనిషిని నేను ఎంతమాత్రం తప్పు పట్టలేను. మా మెట్ల దగ్గర ఒక వారం నిలబడితే ఎవరైనా నొక్కేస్తారు.

భోజనాలయ్యాక అసోసియేషన్‌కు ఉత్తరం రాశాను. గేటు తీసేయమని కాదు. మొదట అలాగే రాద్దామనుకుని చింపేశాను. వచ్చేవాళ్లను అడగండి, పోయేవాళ్లను ఆపకండి అని రాశాను. మడతబందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేయాలి, లోపలినుంచి అంకెలు లేకుండా ఒక్క తోపుతో తెరుచుకోవాలి. 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరొక్వా థియేటర్ తగలబడినప్పుడు 600 మందికి పైగా చనిపోయారు. కొన్ని తలుపులకు తాళాలు, కొన్ని లోపలికి తెరుచుకునేవి, వెనకనుంచి జనం తోస్తుంటే ముందున్నవాళ్లు వాటిని లాగలేకపోయారు. ఆ రోజు ఆ ఆటకు వెళ్లవలసి ఉండి ఆగిపోయిన కార్ల్ ప్రింజ్లర్ అనే హార్డ్‌వేర్ వ్యాపారి, తర్వాత ఇంకొకరితో కలిసి ఒంటితో నెడితే తెరుచుకునే అడ్డకడ్డీ తాళం తయారుచేయించాడు. 1908లో అమ్మకానికి వచ్చింది. బయటినుంచి తాళమే, లోపలినుంచి తోస్తే తలుపే. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా బయటకు పోయే తలుపులు బయటి వైపే తెరుచుకోవాలనీ, తలుపు నేరుగా మెట్ల మీదికి తెరుచుకోకూడదనీ అంటుంది. అది కూడా రాశాను. ఈయన చదివి, షికాగో తీసెయ్, మన సెక్రటరీ బెదిరించావనుకుంటాడు అన్నారు. తీయలేదు.

తమ్ముడు ఫోను పెట్టేముందు ఇంకో పని చేయించాడు. మా ఇంటి వైఫైలో టీవీనీ కెమెరానీ వేరే నెట్‌వర్కులోకి మార్పించాడు, నా బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్ ఉన్నచోట అవి ఉండకూడదట. మార్చాను, నాకు నచ్చింది. అప్పటినుంచి మా అబ్బాయి ఫోనులోంచి టీవీకి క్రికెట్ పోవడం లేదు. అన్నం దగ్గర అరగంట నన్ను నిలదీశాడు, ఇంట్లో మనుషులు ఎలా టీవీ చూస్తారో అడగకుండా ఎవరు మార్చమన్నారని. రేపు మామయ్యకు ఫోను చేసి తేల్చుకుంటాడట. తేల్చుకోనీ. నేనైతే వెనక్కి మార్చను.