పాటలో వదిలే ఖాళీ

2025 జూలై 5న క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో ఒక్క గాయకుడి కచేరీకి దాదాపు 5 లక్షల టికెట్లు అమ్ముడుపోయాయి. ఆ దేశం మొత్తం జనాభా 39 లక్షలు కూడా ఉండదు. ఆయన పేరు మార్కో పెర్కోవిచ్, జనం పిలిచేది థాంప్సన్ అని. 1990లలో యుగోస్లావియా నుంచి విడిపోవడానికి క్రొయేషియా చేసిన యుద్ధంలో చేతపట్టిన తుపాకీ పేరే ఆయన పేరైపోయింది.

హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియోలో పాటలు మిక్సింగ్ చేయడం నా పని. అందుకే కచేరీ వీడియో పెట్టుకుంటే నా చెవి ముందుగా జనం గొంతు మీదకే పోయింది. ఆయనకు పేరు తెచ్చిన పాట సొంత ఊరు చావోగ్లావే కోసం పోరాడిన సైనికుల మీద కట్టింది. పొలిమేరలో యుద్ధం నడుస్తుంటే పాట పుట్టడం నాకు అర్థమవుతుంది. కానీ మొదట్లోనే ఆయన 'జా దోమ్' అని కేక వేస్తాడు, జనం 'స్ప్రెమ్ని' అని అందుకుంటారు. మాతృభూమి కోసం సిద్ధం అని. 1941-45 మధ్య నాజీల అండతో ఆ దేశాన్ని ఏలిన ఉస్తాషాలనే ఫాసిస్టుల నినాదం అది. వాళ్లు నడిపిన యాసెనోవాట్స్ క్యాంపులో సెర్బులు, యూదులు, రోమా జాతివాళ్లు, ఎదురుతిరిగిన క్రొయేషియన్లు చనిపోయారు. అమెరికాలోని హోలోకాస్ట్ మ్యూజియం అంచనా 77 వేల నుంచి 99 వేల మంది. 1990లలో పోరాడిన దళాలు కూడా అదే నినాదం వాడాయని అభిమానులు అంటారు. నిజమే. అయినా ఆ క్యాంపులో తాతను పోగొట్టుకున్న మనిషికి అది వినగానే ఏ యుద్ధం గుర్తొస్తుంది?

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాంలలో గొంతు పోయేదాకా కోరస్ అందుకున్నవాణ్ని నేను. నీళ్లు, నిధులు, నియామకాలు అడిగే పాటలు అవి. వాటిని ఇప్పటికీ ప్రేమిస్తాను. కానీ కొన్ని పాటలు అడగాల్సిన సర్కారును వదిలేసి మనుషుల మీదకు పోయాయి. అప్పట్లో మా స్టూడియోలో కీబోర్డు వాయించే తమ్ముడిది భీమవరం. అలాంటి కోరస్ వచ్చినప్పుడు తలెత్తకుండా వాయించేవాడు. టీ తాగేటప్పుడు కూడా ఆ మాట ఎత్తేవాడు కాదు.

ఇప్పుడు ఊరేగింపుల కోసం వచ్చే పాటల్లో అదే పద్ధతి ఇంకా గట్టిగా ఉంది. బీటు బాగా కొట్టించి, ఒకచోట హఠాత్తుగా ఆపి, తాళం లెక్కలో రెండు బార్లు, అంటే రెండు ఆవర్తాలంతసేపు, ఖాళీ వదలమంటారు. అక్కడ జనం నినాదం అందుకోవాలి. దేవుణ్ని పిలవడానికైతే ఆ ఖాళీ నేనే శ్రద్ధగా కొలిచి పెడతాను, అంత జనం ఒకేసారి దేవుడి పేరు ఎత్తుకుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. పక్క బస్తీ వాళ్లను బెదిరించడానికైతే చెయ్యను. రాసింది ఎవరో, పాడింది ఎవరో, మనదేముంది అంటారు మా లైన్‌లో వాళ్లు. ఆ ఖాళీ ఎక్కడ పడాలో, ఎంతసేపు ఉండాలో పెట్టేది మనమే కదా అన్నా!

2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. దాంతో సౌండ్ తగ్గుతుందేమో గానీ, సాహిత్యం మారదు. పోయిన సీజన్‌లో కొందరు అలా బెదిరించే పాటే తెస్తే అడ్వాన్స్ వాపసు ఇచ్చేశాను. వాళ్లు ఇంకో స్టూడియోకి పోయారు. పోనీ. ట్రాక్ ఓపెన్ చేసే ముందే సాహిత్యం మొత్తం చూపించమని ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. తెలిసిన ఇంజనీర్లను కూడా అలాగే అడగమంటున్నాను. ఇద్దరు ఒప్పుకున్నారు.