జుమేరాత్ బజార్ గంగాళం, కడియం మాన్‌స్టెరా

గురువారం సెలవు దొరికితే నా కాళ్లు హైదరాబాద్‌లోని పురానాపూల్ వైపే నడుస్తాయి. అక్కడి గురువారం సంత జుమేరాత్ బజార్‌లో నేలమీదే పాత సామాను పరిచేస్తారు. లోలకం గడియారాలు, లాంతర్లు, పింగాణీ జాడీలు, తాళంచెవి లేని తాళాలు. ఎండ ముదరకముందే వెళ్లాలి, మంచివి పొద్దున్నే అమ్ముడైపోతాయి.

ఈసారి ఇత్తడి గంగాళం దొరికింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఒక పేరు కొట్టించి ఉంది, మన ఇళ్లల్లో సారె సామాను మీద కొట్టించేవారే, అలా. సగం అక్షరాలు అరిగిపోయాయి. కొనేముందు అయస్కాంతం పెట్టి చూశాను. అంటుకుంటే ఇనుము మీద పూత అన్నమాట. అంటుకోలేదు! పన్నెండొందలు చెప్పి తొమ్మిదొందలకి ఇచ్చాడు. ఇంటికొచ్చి చింతపండు, ఉప్పు వేసి తోమితే తళతళలాడింది. పేరున్న చోట మాత్రం మెత్తగా తుడిచాను. ఆవిడ ఎవరో గానీ, ఆ అక్షరాలు చెరిగిపోకూడదు.

దారిలో తోపుడుబండి మీద మాన్‌స్టెరా అనే పెద్దాకుల ఇంటి మొక్క కనిపించింది. "కడియం నర్సరీ మొక్కమ్మా, నీళ్లు ఎక్కువ పోయకు" అన్నాడు బండతను. లేత మొక్క కాబట్టి ఆకులకింకా చీలికలు లేవు, ముదిరేకొద్దీ వస్తాయి. గంగాళానికి చిల్లు పొడిపించడానికి నాకు మనసు రాలేదు. అడుగున ఇటుక ముక్కలు వేసి, ప్లాస్టిక్ కుండీతో సహా దించేశాను. నీళ్లు పోయాలంటే కుండీ బయటికి తీసి, పూర్తిగా కారాక మళ్లీ లోపల పెడతాను. నేరుగా ఎండ తగిలితే ఆకులు మాడతాయి, అందుకే తూర్పు కిటికీకి పల్చటి తెర కట్టాను.